మట్టితో పాతికేళ్ల పోరు: ఎస్‌డీ 2000 నుంచి జీపీఎక్స్ 6000 దాకా

మా మరిది ఉండేది ఆస్ట్రేలియాలోని బెండిగోలో. చదువుకోవడానికి వెళ్లి అక్కడే ఉద్యోగం, ఇల్లు, పిల్లల బడి అన్నీ కుదుర్చుకున్నాడు. సెలవు దొరికితే చాలు, అడవిలో పడి బంగారం వెతుకుతాడు. అక్కడ అది చట్టసమ్మతమైన వ్యాపకమే. విక్టోరియా రాష్ట్రంలో మైనర్స్ రైట్ అనే అనుమతి ఒకసారి తీసుకుంటే పదేళ్లు చెల్లుతుంది. వెతకనిచ్చే నేలలో దొరికిన బంగారం దొరికినవాళ్లదే.

అతను మెటల్ డిటెక్టర్ మార్చినప్పుడల్లా నాకు ఫోన్ వస్తుంది. "వదినా, ఇందులో ఏం మార్చి ఉంటారో చెప్పు" అంటాడు. నేను మల్కాజిగిరిలో ఉంటాను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకుంటాను. అతను అడవిలో విన్న శబ్దం చెబుతాడు, ఆ శబ్దం వెనక సర్క్యూట్ ఏం చేస్తుండాలో నేను చెబుతాను. ఇట్లా మాట్లాడుకుంటూనే మైన్‌ల్యాబ్ కంపెనీ బంగారం డిటెక్టర్ల వరసంతా మా ఇద్దరికీ పరిచయమైంది. దాని గురించి తెలుగులో ఎక్కడైనా వివరంగా రాశారేమోనని చూస్తే గుప్తనిధుల వీడియోలే కనిపించాయి. అందుకే రాస్తున్నాను.

కొత్త మోడల్ వచ్చిందనగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఎంత లోతు చూస్తుంది?" అని. నా దృష్టిలో ఈ వరస చరిత్ర లోతు చరిత్ర కాదు. ఇది మట్టి చరిత్ర. లోహాన్ని పసిగట్టడం మొదటి నుంచీ వచ్చు. మట్టి చేసే గోలని పక్కనపెట్టడమే రాలేదు. ప్రతి కొత్త మోడల్ ఆ పనిలో ఒక మెట్టు ఎక్కింది. లోతు పెరిగిందంటే దాని వల్లే పెరిగింది.

మైన్‌ల్యాబ్ పుట్టకముందే విక్టోరియా బంగారం పిచ్చి మళ్లీ రాజుకుంది. 1980 సెప్టెంబర్ 26న కింగోవర్ దగ్గర కెవిన్ హిల్లియర్ అనే ఆయనకు గారెట్ డీప్‌సీకర్ డిటెక్టర్‌తో 27 కిలోల పైచిలుకు బంగారు ముద్ద దొరికింది. దాన్ని హ్యాండ్ ఆఫ్ ఫెయిత్ అంటారు. డిటెక్టర్‌తో దొరికినవాటిలో అంత పెద్దది ఇంకొకటి లేదు. అది ఎక్కువ లోతులో లేదు, పై నుంచి అడుగు లోపే ఉంది. అంత పెద్ద ముద్ద అంత పైన ఉంటే ఏ యంత్రానికైనా వినబడుతుంది. చిక్కంతా గోధుమగింజంత బంగారంతోనూ, మోచేతి లోతులో ఉన్న బఠాణీగింజంత బంగారంతోనూ. అక్కడే ఆ కాలపు డిటెక్టర్లు చేతులెత్తేసేవి.

అప్పటి డిటెక్టర్లలో ఎక్కువ భాగం వీఎల్ఎఫ్ (వెరీ లో ఫ్రీక్వెన్సీ) రకం. ఒక కాయిల్ (తీగచుట్ట) ఆగకుండా కొన్ని కిలోహెర్ట్‌జ్‌ల తరంగాన్ని నేలలోకి పంపుతుంటుంది, ఇంకో కాయిల్ తిరిగొచ్చేదాన్ని వింటుంటుంది. లోహం ఎదురైతే తరంగం కాస్త ఆలస్యమై వస్తుంది. ఆ ఆలస్యాన్ని కొలిచి ఇది ఇనుమా, బంగారమా అని కూడా ఓ అంచనాకి రావచ్చు. అయితే ఇది వాగుతూనే వినడానికి ప్రయత్నించే పద్ధతి. నేలలో మాగ్నటైట్ లాంటి ఇనుప ఖనిజం ఉందంటే, ఆ నేల నుంచి వచ్చే స్పందన బంగారం స్పందన కంటే ఎన్నో రెట్లు పెద్దదిగా ఉండొచ్చు. ఆస్ట్రేలియా బంగారు నేలల్లో ఎక్కువ భాగం ఎర్రటి ఇనుప నేలలే. బంగారం ఎక్కడుందో అక్కడే గోల ఎక్కువ.

1985లో దక్షిణ ఆస్ట్రేలియాలో మైన్‌ల్యాబ్ మొదలైంది. దాని వెనక ఉన్న భౌతికశాస్త్రవేత్త బ్రూస్ క్యాండీ. ఆయన గురించి నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. హాల్క్రో అనే ఆడియో ఆంప్లిఫయర్లు కూడా ఆయన డిజైన్లే. సంగీతంలో వక్రీకరణ దాదాపు లేకుండా చేసినందుకు అవి పేరు మోశాయి. వద్దనుకున్నదాన్ని తీసేసి కావలసినదాన్ని చెడకుండా ఉంచడం అనే ఒక్క సమస్య మీద జీవితమంతా పెట్టిన మనిషి ఆయన. ఆ ఆంప్లిఫయర్, ఈ డిటెక్టర్ ఒకే బుర్రలోంచి రావడంలో నాకు ఆశ్చర్యమేమీ కనిపించదు.

ఆ కంపెనీ తొలి అడుగులు వీఎల్ఎఫ్‌లోనే పడ్డాయి. 1980ల చివర్లో వచ్చిన జీటీ 16000లో నేల మారుతుంటే దాన్ని యంత్రమే గమనించి సర్దుకునే ఏర్పాటు పెట్టారు. అంతకుముందు నాలుగడుగులు వేసి, ఆగి, నాబ్ తిప్పి, మళ్లీ నడవాల్సి వచ్చేది. తర్వాత ఎక్స్‌టీ 18000లో మూడు ఫ్రీక్వెన్సీల్లో ఒకటి ఎంచుకునే వీలొచ్చింది. మంచి యంత్రాలే. కానీ పద్ధతి పాతదే కాబట్టి మరీ ఎర్రటి నేలలో వాటి పప్పులు ఉడకలేదు.

అసలు మలుపు 1995లో వచ్చిన ఎస్‌డీ 2000. ఈ పోస్టులో మిగతావన్నీ మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి. ఇది పల్స్ ఇండక్షన్ యంత్రం. గుడిగంటని ఒక్క దెబ్బ కొట్టి, చెయ్యి తీసేసి, మోత ఎట్లా తగ్గుతూ పోతుందో చెవి పెట్టి వినడం లాంటి పద్ధతి. కాయిల్‌లోకి కరెంటు వదిలి ఠక్కున ఆపేస్తారు. ఆపిన క్షణంలో కాయిల్ చివర్ల మధ్య వందల వోల్టులు లేస్తాయి. అది అణిగిన తర్వాత, అంటే పది పదిహేను మైక్రోసెకన్లు ఆగి, అప్పుడు వింటారు. నేలలో లోహం ఉంటే అందులో పుట్టిన సుడి ప్రవాహాలు ఇంకా తిరుగుతూనే ఉంటాయి, మెల్లగా చల్లారుతుంటాయి. మాగ్నటైట్ మాత్రం కరెంటు ఆగగానే తానూ ఆగిపోతుంది. వీఎల్ఎఫ్‌ని వేధించిన పెద్ద శత్రువు ఇక్కడ వినబడనే వినబడదు.

పల్స్ ఇండక్షన్ అప్పటికే ఉంది, కొత్తదేమీ కాదు. మరి ఎస్‌డీ 2000 గొప్పదనం ఏమిటి? నేలలో ఇంకో రకం కణాలుంటాయి. మాగ్‌హెమైట్ లాంటి ఖనిజపు అతి సన్నని రేణువులు, నానోమీటర్లలో కొలిచేంత చిన్నవి. ఇవి అయస్కాంతక్షేత్రం పోగానే ఊరుకోవు, ఆలస్యంగా సద్దుమణుగుతాయి. అంటే లోహంలాగే వీటి మోత కూడా కాసేపు వినిపిస్తుంది. మామూలు పల్స్ యంత్రం ఈ మట్టిని కూడా లోహమే అనుకుని అరుస్తుంది.

తేడా ఒకటుంది. ఇది నేను ల్యాబ్‌లో పిల్లలకు చాలా ఇష్టంగా చెబుతాను. మట్టి మోత కాలంతో ఒక పద్ధతిలో తగ్గుతుంది: సమయం రెట్టింపైతే మోత దాదాపు సగం. 10 మైక్రోసెకన్ల దగ్గర ఎంతుందో 20 దగ్గర అందులో సగం, 40 దగ్గర పావు. మట్టి ఎక్కువున్నా తక్కువున్నా నిష్పత్తి మాత్రం అదే. లోహం అట్లా కాదు. ఒక్కో ముక్క తన పరిమాణాన్ని, తన వాహకతను బట్టి తనదైన వేగంతో చల్లారుతుంది. మొదటి కొలతలోంచి రెండో కొలతకు రెట్టింపు తీసేశారనుకోండి, మట్టి సున్నా అయిపోతుంది. లోహం ఎంతో కొంత మిగులుతుంది. నిజమైన సర్క్యూట్‌లో లెక్క ఇంత సులువు కాదు. పల్స్ ఎంతసేపు ఉంది అన్నదాన్ని బట్టి కూడా మట్టి ప్రవర్తన మారుతుంది. క్యాండీ చేసింది ఏమిటంటే, పొడుగు పల్సులూ పొట్టి పల్సులూ కలిపి పంపి, వాటి నుంచి వేర్వేరు సమయాల్లో కొలతలు తీసి, మట్టి పోయి లోహం మిగిలేట్టు వాటిని కూర్చడం. దానికి వాళ్లు పెట్టిన పేరు మల్టీ పీరియడ్ సెన్సింగ్.

ఇందులో ఒక మూల్యం ఉంది. ఏదైనా లోహపు ముక్క సరిగ్గా మట్టి నిష్పత్తిలోనే చల్లారితే, మట్టితో పాటు అదీ మాయమైపోతుంది. అది నేలలోనే ఉంటుంది, యంత్రం దాని మీదుగా వెళ్తుంది, శబ్దం రాదు. తర్వాత వచ్చిన మోడళ్లన్నీ ఈ గుడ్డి మచ్చని అటు జరపడానికో, ఇటు జరపడానికో, చిన్నది చేయడానికో పడ్డ తంటాలే. ఈ ఒక్క మాట అర్థమైతే మిగతా చరిత్రంతా తేలిక.

మాటల్లో చెబితే పిల్లలు తలూపుతారు గానీ నమ్మరు. అందుకని కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లి ఐఆర్ఎఫ్ 740 మాస్‌ఫెట్, ఎన్ఈ 5534 ఆపాంప్, 555 టైమర్ తెచ్చాను. రాణిగంజ్‌లో మోటార్ వైండింగ్ వైరు తెచ్చి బకెట్ చుట్టూ కాయిల్ చుట్టి ఒక చిన్న పల్స్ సర్క్యూట్ కట్టాం. దాన్ని సీఆర్‌వోకి (సిగ్నల్‌ని తెర మీద గీతగా చూపే పరికరం) తగిలించి మట్టి సంచులు ఒక్కొక్కటే కాయిల్ మీద పెట్టాం. మౌలాలి గుట్ట కింది గ్రానైటు ఇసుక మట్టికి గీత కదల్లేదు. తాండూరు వైపు నుంచి తెచ్చిన నల్లరేగడికి గీత తోక కాస్త పైకి లేచింది. అనంతగిరి కొండల ఎర్ర మొరం పెట్టగానే, చిన్న లోహపు ముక్క పెట్టినంత లేచింది. పిల్లలు సంచిని విప్పి, అందులో మేకేమైనా ఉందేమోనని వేళ్లతో కెలికి మరీ చూశారు. వాళ్లు అట్లా కెలకడం చూసి నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. మన దక్కన్ బసాల్టు నేలలూ లాటరైటు నేలలూ ఆస్ట్రేలియా ఎర్రనేలలకు దూరపు చుట్టాలే. అక్కడి వాళ్ల కష్టం మనకు ఇక్కడే, వికారాబాద్ జిల్లాలోనే కనిపిస్తుంది.

ఎస్‌డీ 2000 బతుకు సుఖమైనదేమీ కాదు. 6 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీ వీపున మోయాలి. అక్కడి నుంచి మెలికల కేబుల్ ఒకటి డిటెక్టర్ దాకా వస్తుంది, పొదల్లో చిక్కుకుంటుంది. నేలకు సర్దడం చేత్తోనే చేయాలి. మా మరిది మొదటి పల్స్ యంత్రం ఇదే, ఒక ముసలాయన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. ఎర్రటి వాగు గట్టు మీద కూడా అది నిశ్శబ్దంగా ఉండటం విని ముందు పాడైపోయిందేమో అనుకున్నాడట. అప్పటిదాకా అతని చెవికి నేల నోరు మూసుకోవడం అలవాటు లేదు.

తర్వాత ఎస్‌డీ 2100, ఆ తర్వాత ఎస్‌డీ 2200డీ. రెండోదాంట్లో నేలకు సర్దుకోవడం యంత్రమే చేసుకుంటుంది. జీటీ 16000లో నేర్చిన పాఠం పల్స్ యంత్రంలోకి వచ్చిందన్నమాట. మా ఇంట్లో ఉన్నది ఇదే. మరిది పైమోడల్‌కి మారినప్పుడు తెచ్చి ఇచ్చాడు. బ్యాటరీ చచ్చిపోయి ఉంటే, ఎమర్జెన్సీ లైట్లలో వాడే 6 వోల్టుల 4.5 ఏహెచ్ బ్యాటరీ వేశాను. సగం పూట నడుస్తుంది, నాకు చాలు.

దీంతో నేను చేసే పని ఒకటే, పోయిన నగలు వెతికిపెట్టడం. తాండూరు దగ్గర మా ఆడపడుచు అత్తవారి ఊళ్లో ఒక కొత్త కోడలు కందిచేనులో కలుపు తీస్తూ ఉంగరం పోగొట్టుకుంది. వాళ్లు అప్పటికే ఆన్‌లైన్‌లో ఒక చవక డిటెక్టర్ తెప్పించారు. అది నల్లరేగడి మీద పెట్టగానే మొదలుపెట్టి ఆపకుండా అరుస్తోందట. "గిదంతా బంగారమేనా అమ్మా, ఏడ తవ్వాలె?" అని ఆ పిల్ల మామగారు అడిగారు. నా ఎస్‌డీ ఆ చేను మీద సన్నగా ఒకే శ్రుతిలో మోగుతూ ఉంది. పాత ఎద్దునాడాల మేకులు వచ్చాయి, నాగలి కర్రు ముక్క వచ్చింది, గుట్కా ప్యాకెట్ల వెండిరేకు బోలెడు వచ్చింది. పల్స్ యంత్రం లోహాన్ని కనిపెట్టడంలో దిట్ట గానీ ఏ లోహమో చెప్పడంలో అంత నమ్మకస్తురాలు కాదు, మోగిన ప్రతిదీ తవ్వాల్సిందే. ఉంగరం మొక్కల సాలు పక్కనే, బెత్తెడు లోతులో దొరికింది. ఆ అమ్మాయి మట్టితో సహా దాన్ని గుప్పిట్లో పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఉంగరం సులువు. అతుకు ఊడని గుండ్రటి లోహం, అందులో ప్రవాహం చక్కగా తిరుగుతుంది. సన్నటి గొలుసు అట్లా కాదు. లింకు లింకుకీ మధ్య కరెంటు సరిగా సాగదు. యంత్రానికి అది పెద్ద గొలుసుగా కాక, ఒక్కో చిన్న లింకుగా విడివిడిగా కనిపిస్తుంది. తులాల బరువున్న గొలుసు కూడా వినబడకుండా పోవచ్చు. పుస్తెలతాడు పోతే నేను వెతికేది తాడుని కాదు, పుస్తెలని. ఆ బిళ్లలు మోగుతాయి, వాటి వెంట తాడు వస్తుంది. ముక్కుపుడక అయితే ముందే చెప్పేస్తాను, నా యంత్రంతో కష్టమని.

2000లో జీపీ ఎక్స్‌ట్రీమ్ వచ్చింది. రెండు వేర్వేరు వోల్టేజీలతో పల్సులు పంపడం దీని ప్రత్యేకత, చిన్న ముక్కలూ లోతు ముక్కలూ ఇంకాస్త తేటగా వినిపించాయి. తర్వాత జీపీ 3000, జీపీ 3500. వీటి గురించి ఎక్కువ చెప్పను. మంచి యంత్రాలే, కానీ చేసిన మార్పులు చిన్నవి. మరిది వాటిని దాటేసి డబ్బు దాచుకున్నాడు, సరైన పనే చేశాడని నా అభిప్రాయం.

దాచుకున్న డబ్బు జీపీఎక్స్ 4500 మీద పెట్టాడు. జీపీఎక్స్ వరస 2006లో 4000తో మొదలైంది. లెడ్-యాసిడ్ బదులు లిథియం-అయాన్ బ్యాటరీ, చిన్న తెర, మెనూలు వచ్చాయి. వీపు బరువు తగ్గింది. ఇవన్నీ పైకి కనిపించేవి. లోపల జరిగింది వేరు. అంతవరకు పల్సుల పొడవు, కొలిచే సమయాలు చాలావరకు కంపెనీ నిర్ణయించినవే. జీపీఎక్స్‌లో వాటిని సాయిల్ టైమింగ్స్ అనే పేరుతో వాడేవాళ్ల చేతికే ఇచ్చేశారు. సాధారణ నేలకి నార్మల్, గోల ఎక్కువున్న నేలకి ఎన్‌హాన్స్, ఇట్లా ఒక్కో టైమింగ్ ఒక్కో తీరు. 2010 చివర్లో వచ్చిన జీపీఎక్స్ 5000 నాటికి ఇవి ఎనిమిదయ్యాయి. వాటిలో ఫైన్ గోల్డ్ అనేది గోల నేలలో చిన్న ముక్కల కోసం పెట్టింది.

దీని అర్థం ఏమిటో పైన చెప్పిన గుడ్డి మచ్చతో కలిపి చూడండి. టైమింగ్ మార్చితే గుడ్డి మచ్చ జరుగుతుంది. నిన్నటిదాకా మట్టితో పాటు మాయమైన ముక్క ఈ రోజు మోగుతుంది. మరిది వాళ్లు వెళ్లే ఒక వాగు ఉంది. ఎస్‌డీ 2000 రోజుల్లోనే దాన్ని అంగుళం వదలకుండా జల్లెడ పట్టేశారు, ఇక అందులో ఏమీ లేదని అందరూ వదిలేసిన చోటు. 4500తో ఎన్‌హాన్స్ పెట్టి వెళ్తే అదే వాగులో మళ్లీ చిన్న చిన్న ముక్కలు దొరికాయి. 5000 ఉన్న అతని స్నేహితుడు ఫైన్ గోల్డ్ పెట్టి వాళ్ల వెనకాలే నడిచి ఇంకొన్ని తీశాడు. ఆ రాత్రి మరిది ఫోన్ చేసి, "వదినా, ఆ ముక్కలు ఇన్నేళ్లూ అక్కడే ఉన్నాయి, మా కాళ్ల కిందే" అన్నాడు. మా ల్యాబ్‌లో సీఆర్‌వో మీద చూసిన గీతలు అక్కడ వాగులో నిజమయ్యాయని నాకు ఒళ్లు పులకరించింది.

2013 జనవరిలో బాలరాట్ దగ్గర అయిదున్నర కిలోల ముద్ద 5000తోనే దొరికింది, దాదాపు 60 సెంటీమీటర్ల లోతులో. హ్యాండ్ ఆఫ్ ఫెయిత్‌తో పోలిస్తే బరువు అయిదో వంతు, లోతు కనీసం రెట్టింపు. ఆ రెండు దొరకడాల మధ్య జరిగిన పనంతా ఈ తేడాలో ఉంది. ఆ ఏళ్లలోనే ఆఫ్రికాలో, ముఖ్యంగా సూడాన్‌లో, ఈ యంత్రాలకు విపరీతమైన గిరాకీ వచ్చింది. దాంతో నకిలీలు కూడా వరదలా వచ్చిపడ్డాయి. పైకి అచ్చం అట్లాగే ఉండి లోపల డొల్లగా ఉన్న యంత్రానికి ఏడాది సంపాదన ధారపోసిన కూలీల గురించి చదివినప్పుడు నాకు చాలా బాధేసింది. సెకండ్‌హ్యాండ్‌లో జీపీఎక్స్ కొనాలనుకునేవాళ్లు ఈ సంగతి మనసులో పెట్టుకోండి. ఎర్ర మొరం మీద పెట్టి విని చూడకుండా డబ్బివ్వకండి.

నగరంలో ఉండేవాళ్లకు జీపీ, జీపీఎక్స్ వరసల్లో ఇంకో సదుపాయం విలువైనది. పల్స్ యంత్రం గాలిలోని విద్యుత్ గోలని కూడా వింటుంది. మా ఇంటి ముందు 11 కేవీ లైను, కాస్త దూరంలో రైలు పట్టాల మీద 25 కేవీ తీగలు, ఎల్ఈడీ దీపాలు, సెల్ టవర్లు. డబుల్-డి కాయిల్ (రెండు ‘డి’ ఆకారపు చుట్టలున్నది) వేసి స్విచ్‌ని కేన్సిల్ స్థానంలో పెడితే కాయిల్ రెండు సగాలూ ఒకదానికొకటి ఎదురుగా పనిచేసి దూరం నుంచి వచ్చే గోల కొట్టుకుపోతుంది. లోతు కొంత తగ్గుతుంది, కానీ పని సాగుతుంది. నా ఎస్‌డీతో మల్కాజిగిరిలో ఒక ఇంటి పెరట్లో చెవిదుద్దు వెతకాల్సి వచ్చినప్పుడు, వీధి సద్దుమణిగాక ఆ ఇంటి మెయిన్ స్విచ్ ఆపించి వెతికాను.

2014లో ఎస్‌డీసీ 2300 వచ్చింది. ఇది వరసకి కాస్త పక్కన నిలబడే యంత్రం. ఈ కంపెనీ మందుపాతరలు వెతికే డిటెక్టర్లు కూడా చేస్తుంది. ప్లాస్టిక్ మందుపాతరలో లోహం అంటే చిన్న పిన్ను మాత్రమే ఉండొచ్చు, అదీ ఎర్ర లాటరైటు నేలలో. గోల నేలలో గింజంత బంగారం వెతకడమూ అదే సమస్య. అందుకే మందుపాతరల డిటెక్టర్ ఒంటినే తీసుకుని, మడిచి సంచిలో పెట్టుకునేట్టు, 3 మీటర్ల నీటిలో మునిగినా పనిచేసేట్టు దీన్ని చేశారు. కాయిల్ చిన్నది, కాబట్టి లోతు తక్కువ. మరీ చిన్న ముక్కల్ని మాత్రం బ్రహ్మాండంగా పడుతుందని మరిది అంటాడు. అదే పరిజ్ఞానం ఒకచోట బంగారం తీస్తూ ఇంకోచోట పిల్లల కాళ్లు కాపాడుతోందంటే, ఈ చదువు మీద నాకు గౌరవం ఇంకా పెరుగుతుంది.

2015లో జీపీజెడ్ 7000. ఇక్కడ కంపెనీ పల్స్ పద్ధతినే పక్కనపెట్టి జీరో వోల్టేజ్ ట్రాన్స్‌మిషన్ అనే కొత్త దారి పట్టింది. కాయిల్ కూడా కొత్తది. మధ్యలో పంపే తీగచుట్ట, అటూ ఇటూ వినే చుట్టలు రెండు. నేలకు సర్దేటప్పుడు వాడటానికి ఒక ఫెరైట్ రింగు కూడా పెట్టెలో వస్తుంది. లోతులో ఉన్న పెద్ద ముక్కల విషయంలో దీన్ని మించింది లేదంటారు. బ్యాటరీ వీపు మీంచి యంత్రం మీదికే వచ్చేసింది, మెలికల కేబుల్ పీడ విరగడైంది, జీపీఎస్ వచ్చింది. కానీ బరువు 3.3 కిలోలు. అది చేతికి కట్టుకుని రోజంతా ఊపాలి. మరిది స్నేహితుడిది అడిగి తీసుకుని ఒక పూట తిరిగి, సాయంత్రానికి భుజం పట్టేసి తిరిగిచ్చేశాడు. ఎంత గొప్ప సర్క్యూట్ అయినా మనిషి చెయ్యి మొయ్యలేకపోతే ఆ లోతు ఎవరికి పనికొస్తుంది? అలసిన చెయ్యి కాయిల్‌ని నేలకి రెండంగుళాలు ఎత్తి ఊపుతుంది, ఆ రెండంగుళాలూ లోతులోంచే పోతాయి.

ఆ మాట కంపెనీకీ వినబడి ఉంటుంది. 2021లో వచ్చిన జీపీఎక్స్ 6000 బరువు 2.1 కిలోలు. కార్బన్ ఫైబర్ కాడ, ముడిచి పెట్టుకోవచ్చు. మళ్లీ పల్స్ పద్ధతికే వచ్చారు, దానికి జియోసెన్స్ అని పేరు పెట్టారు. ఎనిమిది టైమింగ్స్ జాబితా పోయింది. నేల నార్మలా డిఫికల్టా అని చెబితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. మరిది ఇప్పుడు వాడేది ఇదే. అదే పాత వాగులోకి దీన్ని కూడా తీసుకెళ్లాడు. బియ్యపు గింజలో సగం ఉన్న రేణువులు దొరుకుతున్నాయని ఫొటోలు పంపాడు, పక్కన నిజంగానే బియ్యపు గింజ పెట్టి.

ఈ చివరి మోడల్ విషయంలో మా ఇద్దరికీ ఒక అభిప్రాయభేదం ఉంది. నాబులు పోవడం అతనికి హాయి. "చెవి పెట్టి నడవడమే వదినా, ఇంకేం పని లేదు" అంటాడు. నాకేమో 5000 ఇష్టం. అందులో టైమింగ్ మార్చి మార్చి వింటే నేల ఎట్లాంటిదో, ముక్క ఎట్లాంటిదో మనిషికి తెలిసొస్తుంది. నేర్చుకునేవాళ్లకు అది పుస్తకం కంటే ఎక్కువ నేర్పుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు 6000, అర్థం చేసుకోవాలనుకునేవాళ్లకు 4500 గానీ 5000 గానీ అని నా సలహా. అంత ఖర్చు వద్దనుకుంటే గుజరాతీ గల్లీ సామాను, వైండింగ్ వైరు చాలు. నేర్చుకోవడం మాత్రం అక్కడే మొదలవుతుంది.

ఇక మన నేల సంగతి. నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం "మేడమ్, మా ఊరి పాత గుడి దగ్గర ఒకసారి చూడాలి" అనేవే. రానని కచ్చితంగా చెబుతాను. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దాచిపెట్టినది ఏది దొరికినా, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి తెలియజేయాలి. రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం. చట్టం ఒక ఎత్తు, నష్టం ఇంకో ఎత్తు. లింగాన్ని పెకలించి, శాసనం ఉన్న రాయిని పగలగొట్టి, గోతిలో ఏమీ దొరక్క వెళ్లిపోయిన వార్తలు పేపర్లో వస్తూనే ఉంటాయి. ఆ శాసనమే అసలు నిధి, అది ఇక తిరిగి రాదు. తొలకరి రాగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి వైపు వజ్రాలకు పోదామని అడిగేవాళ్లు కూడా ఉంటారు. వజ్రంలో కరెంటు పారదు. ఎస్‌డీ అయినా జీపీజెడ్ అయినా దాని మీదుగా మౌనంగా వెళ్లిపోతుంది.

పొలంలోనో పెరట్లోనో మీ సొంత నగ పోయి ఉంటే మాత్రం ఈ జాగ్రత్తలు తీసుకోండి. వెంటనే గుంటక తోలకండి, ట్రాక్టర్ దించకండి. పోయిన నగ పైపైన ఉన్నంతవరకే దొరుకుతుంది, దున్నితే లోతుకు పోతుంది, గొలుసైతే తెగిపోతుంది. ఆ రోజు ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడిదాకా పని చేశారో గుర్తుండగానే నాలుగు పుల్లలు పాతండి. అట్లాంటి నగే ఇంట్లో ఇంకొకటి ఉంటే, ఉంగరానికి ఉంగరం, పుస్తెకి పుస్తె, దగ్గర పెట్టుకోండి. ముందు దాన్ని ఆ మట్టిలోనే బెత్తెడు లోతున పెట్టి, యంత్రం ఎట్లా మోగుతుందో విని, అప్పుడు వెతకడం మొదలుపెట్టాలి. వెతికేటప్పుడు చెప్పుల మేకులు, గాజులు, మెట్టెలు, జేబులో ఫోను అన్నీ దూరంగా పెట్టాలి. నేల కాస్త తడిగా ఉంటే తవ్వడం తేలిక, యంత్రానికి కూడా ఇబ్బంది లేదు. చౌడు నేల మాత్రం ఆరేదాకా ఆగండి, తడి ఉప్పు కూడా కరెంటు పారనిస్తుంది.